పి.యు.సి. మళ్ళీ వచ్చింది

డెబ్భై దాటిన పెద్దాయన్నెవరినైనా "మీరేం చదువుకున్నారండీ?" అని అడిగి చూడండి. "పి.యు.సి." అని ఠీవిగా చెప్పి ఆగిపోతాడు. ఆ మూడక్షరాల్లో ఉన్న దర్జా ఇంటర్మీడియట్‌లో ఏదీ! ప్రీ యూనివర్శిటీ కోర్సు అంటే పరీక్ష పెట్టేదీ, పట్టా ఇచ్చేదీ సాక్షాత్తూ విశ్వవిద్యాలయమే. మీసాలు మొలిచీ మొలవని కుర్రాడు కూడా యూనివర్శిటీ విద్యార్థే.

అంతకు ముందయితే మరీను. వెనకటి మద్రాసు యూనివర్శిటీ కింద మెట్రిక్యులేషన్, ఎఫ్.ఏ. అనే మెట్లుండేవి. పరీక్ష ప్యాసయితే చాలు, పైమెట్టు ఎక్కొచ్చు. సి.వి. రామన్ విశాఖపట్నంలో చదువుకుంటూ పదకొండో ఏట మెట్రిక్యులేషన్, పదమూడో ఏట ఎఫ్.ఏ. దాటేశాడు. 1904లో బి.ఏ. అయ్యేసరికి ఆయనకింకా పదహారు నిండలేదు. ఇవాళయితే ఆ వయసు పిల్లవాడు పదో తరగతి మెమో చేత్తో పట్టుకుని ఏ గ్రూపు తీసుకోవాలో తేలక తిరుగుతుంటాడు.

మన నిజాం ఇలాకాలో 1918లో ఉస్మానియా పుట్టింది. 1919లో అక్కడ మొదట తెరిచింది ఇంటర్మీడియట్ తరగతులే. పసివాళ్ళని యూనివర్శిటీ గుమ్మం ఎక్కించడం బాగానే ఉంది గానీ, యూనివర్శిటీకి కోపమొస్తే ఆ పసివాళ్ళే రోడ్డున పడతారు కదా. 1938లో వందేమాతరం పాడినందుకు వందలమంది కుర్రాళ్ళని వెళ్ళగొట్టారు. వాళ్ళలో కరీంనగర్ జిల్లా వంగర నుంచి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రాడు ఒకడు. నాగపూర్ వెళ్ళి చదువు సాగించాడు. పేరు పి.వి. నరసింహారావు.

చిత్రమేమిటంటే, ముప్ఫయ్యేళ్ళ తర్వాత పి.యు.సి.ని సాగనంపింది ఆయన విద్యామంత్రిగా ఉన్న కాలంలోనే. 1969లో రెండేళ్ళ ఇంటర్ వచ్చింది. (ఆ ఏడు తెలంగాణ ఉద్యమంలో తరగతులు సరిగ్గా నడిచిందెక్కడ, అది వేరే సంగతి.) 1971లో ఇంటర్ బోర్డు వెలిసింది. యూనివర్శిటీ తన చిన్నపిల్లల్ని జూనియర్ కాలేజీల కప్పగించి చేతులు దులుపుకుంది. అదే 1971లో ముఖ్యమంత్రి అయిన పి.వి. నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించాడు. పల్లెలో తెలివైన పిల్లవాణ్ణి ఏరి, తిండీ బట్టా పెట్టి, చదువు చెప్పి చూద్దామన్నది ఆ ఆలోచన. ఇంటర్ సంగతేమో గానీ, నా మట్టుకు ఈ రెండోదే పెద్ద పని అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ తీగే సాగి సాగి 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో తేలింది. రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అన్నది పూర్తి పేరు. జనం నోట్లో మాత్రం ట్రిపుల్ ఐటీ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి దీనికి తొలి ఛాన్సలర్. పది ప్యాసైన పల్లెటూరి పిల్లలు ఎంట్రన్సు లేకుండా, మార్కుల మీద, నేరుగా విశ్వవిద్యాలయంలో చేరతారు. మొత్తం ఆరేళ్ళు. చివరి నాలుగేళ్ళు ఇంజనీరింగు, మొదటి రెండేళ్ళూ ఏమిటో తెలుసా? పి.యు.సి.! నలభై ఏళ్ళ కింద అటకెక్కిన పేరు దులుపుకుని మళ్ళీ కిందికి దిగింది.

గోదావరిఖనిలో ఈ వార్తకు ఉన్న బరువు వేరు. గని చట్టం ప్రకారం 18 నిండనిదే ఎవడూ బాయిలోకి దిగడానికి వీల్లేదు. పదిహేనుకీ పద్దెనిమిదికీ మధ్య కార్మికుడి కొడుకు ఏం చెయ్యాలి? ఐ.టి.ఐ.నో, పాలిటెక్నికో, లేకపోతే నాయన దిగిపోతే ఆ ఉద్యోగం తనకొస్తుందని కాచుకోవడమో. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్ళు. ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. ఓపెన్‌కాస్టులు వచ్చాక వందమంది తట్టలెత్తే పని ఒక్క యంత్రం చేస్తోంది. కాచుకునేందుకు ఉద్యోగమే మిగల్లేదన్న మాట. అందుకే మా బొగ్గుబాయిల వాడల్లో ఐదో ఏట అక్షరాభ్యాసానికి బాసర తీసుకెళ్ళిన పిల్లకి, పదిహేనో ఏట మళ్ళీ అక్కడే సీటొస్తే, తల్లిదండ్రులు సరస్వతమ్మకు రెండోసారి కొబ్బరికాయ కొట్టడంలో వింత లేదు. సర్కారు బడి పిల్లలకు మార్కుల్లో కొంత కలిపి లెక్కగట్టే పద్ధతి కూడా పెట్టారు. ఆ కొంతే చాలా ఇళ్ళకు సీటు తెచ్చింది.

అమెరికాలో 1950ల మధ్యనే దీనికి దగ్గరి ఏర్పాటొకటి మొదలైంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అంటారు. కుర్రాడు తన బళ్ళోనే ఉంటాడు, కాలేజీ పాఠమే అక్కడికొస్తుంది. పరీక్ష నెగ్గితే చాలా కాలేజీలు దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. మనం పిల్లవాణ్ణే ట్రంకు పెట్టెతో సహా పంపించాం. ఇంట్లో చదువుకునే మూల లేని క్వార్టర్ల పిల్లలకి మన పద్ధతే నయం అంటాను.

అయితే పంపినంత శ్రద్ధగా చూసుకున్నామా? మొదట్లో తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి, వీడియోల్లో ఇంగ్లీషు పాఠాలు వినిపించారు. నిన్నటిదాకా "బీజగణితం" అని చదివిన తెలుగు మీడియం పిల్లకి అది నూతిలో మాటలా వినిపించదూ! యంత్రం పాఠం చెప్పగలదు గానీ, వెనక బెంచీలో బిక్కమొహం వేసినదాన్ని చూడలేదు. పక్కనుండి చెప్పే మనిషి కావాలి. ఆ మనుషుల కొరత ఏళ్ళ తరబడి తీరలేదు. 2022 జూన్‌లో బాసర పిల్లలు ఎండనకా వాననకా వారం రోజులపాటు బయట కూర్చున్నారు. వాళ్ళవి 12 కోర్కెలు. పూర్తికాలం వైస్ ఛాన్సలర్ని వెయ్యమన్నారు, ల్యాప్‌టాప్‌లు అడిగారు, సరిపడా అధ్యాపకుల్ని ఇమ్మన్నారు. మంత్రి వచ్చి మాట్లాడాక లేచి తరగతులకు వెళ్ళారు.

సమ్మె అన్నాక జీతం, బోనసు అడగడమే ఎరిగిన మా ఖనిలో ఆ వార్త చదివి కొందరు ముసలి కార్మికులు ఆశ్చర్యపోయారు. పాఠం చెప్పేవాళ్ళు కావాలని కూడా సమ్మె చేస్తారుటరా, అని.