భంగారులో బంగారం

మరాఠీలో పాత ఇనుమును, పనికిరాని సామానును భంగార్ అంటారు. నాందేడుకు కొత్తగా వచ్చిన తెలుగువారి చెవికి ఆ మాట మొదట బంగారం లాగే వినిపిస్తుంది. వీధిలో బండి నెట్టుకుంటూ కేక వేసేవాడు మన పెరటిలోని తుప్పు ముక్కల కోసం వస్తాడే గాని బంగారం కోసం కాదు. అయినా ఆ తుప్పు ముక్కల్లో కొన్ని నిజంగానే బంగారంతో సమానమని, ఇంట్లో పాత మోటారు సైకిలు ఉన్నవారికి తెలుసు. తాతగారి కాలపు బుల్లెట్టో, తండ్రిగారి కాలపు జావాయో, రాజ్‌దూతో గోనెపట్టా కప్పుకొని ఒక మూల నిలబడి ఉన్న ఇళ్లు మనలో లేకపోలేదు. దానిని తిరిగి రోడ్డెక్కించాలని పిల్లలు ముచ్చటపడతారు. అప్పుడు పుట్టే మొదటి ప్రశ్న ఒక్కటే. దీనికి భాగాలు ఎక్కడ దొరుకుతాయి?

దుకాణం పేరు చెబితే ఈ ప్రశ్న తీరిపోతుందని అనుకుంటాము. నిజానికి దీని జవాబు చరిత్రలో ఉన్నది. అరవై ఏళ్ల నాటి ఒక బండికి నేటికీ పిస్టను, క్లచ్చి ప్లేట్లు సులభంగా దొరుకుతాయి. దాని పక్కనే నిలబడిన మరొక బండికి చిన్న గేరు చక్రం కోసం మూడు రాష్ట్రాలు తిరగవలసి వస్తుంది. ఇందులో అదృష్టం పాలు తక్కువ. ఆ బండిని మన దేశానికి తెచ్చినవారు బండిని మాత్రమే తెచ్చారా, దానిని చేసే పనిముట్లను, పనితనాన్ని కూడా తెచ్చారా అన్నదే ఇక్కడ అసలు విషయం.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత సైన్యం అక్కరలేదని అమ్మివేసిన మోటారు సైకిళ్లు మన దేశంలో చాలామంది చేతికి వచ్చాయి. బి.ఎస్.ఎ., నార్టన్, మ్యాచ్‌లెస్ అనే పేర్లు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఒక్క బి.ఎస్.ఎ. ఎం-20 రకమే యుద్ధకాలంలో లక్షా ఇరవై వేలకు పైగా తయారయింది. అన్నీ గట్టి బండ్లే. కాని వాటిలో ప్రతి మేకు, ప్రతి మర ఇంగ్లండు నుండి ఓడ ఎక్కి రావలసిందే. స్వాతంత్ర్యానంతరం దిగుమతులు కట్టుదిట్టమైన కొద్దీ ఆ దారి ఇరుకయింది. 1970 దశకం మొదటి భాగంలో బి.ఎస్.ఎ. కంపెనీయే కుప్పకూలింది. పుట్టింటివారు లేని ఆడపడుచు పరిస్థితి ఆ బండ్లకు వచ్చింది.

బుల్లెట్టు సంగతి వేరు. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే పట్టణం ఉన్నది. ఒకప్పుడు అది సూదుల తయారీకి లోకప్రసిద్ధం. ఆ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1901లో తమ మొదటి మోటారు సైకిలును, 1932లో బుల్లెట్టు అనే పేరుగల మొదటి బండిని వెలువరించారు. 1950 తరువాతి సంవత్సరాల్లో భారత సైన్యం సరిహద్దుల్లో తిరగడానికి 350 సి.సి. బుల్లెట్టును ఎన్నుకొని వందల సంఖ్యలో కొన్నది. ఇంతలో 1953లో టారిఫ్ కమిషను ఒక కీలకమైన సిఫారసు చేసింది. విదేశాల నుండి పెట్టెలలో వచ్చిన భాగాలను ఇక్కడ బిగించి అమ్ముకునే కంపెనీలు ఇక చాలునని, క్రమక్రమంగా భాగాలన్నిటిని ఇక్కడే తయారుచేసే పథకం గలవారే ఈ దేశంలో వాహనాల పని చేయాలని దాని సారాంశం. ఫోర్డు, జనరల్ మోటార్సు వంటి మహా సంస్థలు అప్పుడే మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోయాయి.

రెడ్డిచ్ వారు మాత్రం నిలిచారు. 1955లో మద్రాస్ మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా అనే సంస్థను స్థాపించారు. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో కర్మాగారం లేచింది. తొలి సంవత్సరమైన 1956లో అక్కడ తయారైన బుల్లెట్లు 163 మాత్రమే. అవి కూడా ఇంగ్లండు భాగాలతో బిగించినవే. కాని 1957లో ఆ భాగాలను తయారుచేసే అచ్చులు, పనిముట్లు కూడా ఓడ దిగాయి. 1962 నాటికి బండి మొత్తం ఇక్కడే తయారు కాసాగింది. నాందేడు వీధుల్లో నేటికీ వినిపించే ఆ గుడగుడ శబ్దానికి మూలం ఈ అయిదారేళ్ల కథే.

పనిముట్లు ఒక్క కర్మాగారంలో ఉంటే చాలదు, వాటి చుట్టూ ఒక ఊరు ఉండాలి. ఆ ఊరు మద్రాసు అయింది. అక్కడ 1949లోనే ఇండియా పిస్టన్స్ వెలసింది. అదే సంవత్సరం సైకిళ్ల కోసం టి.ఐ. సైకిల్స్ వచ్చింది. 1961లో లూకాస్ టి.వి.ఎస్. సంస్థ వాహనాల విద్యుత్ సామానుకు పూనుకొన్నది. ఒకరు పిస్టను, ఒకరు డైనమో, ఒకరు చక్రం, ఒకరు టైరు చేస్తూ ఉంటే, పెద్ద కంపెనీ ఒక భాగాన్ని మానివేసినా చిన్న కార్ఖానావాడు దానిని అందుకుంటాడు. మద్రాసు పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగు బజార్లలో ఈనాటికీ పాత బుల్లెట్టు సామాను దొరకడానికి కారణం ఇదే.

ఈలోగా పుట్టింట్లో దీపం కొడిగట్టింది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. మిగిలిన పనిని బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ దగ్గర, నేల కింద ఉన్న ఒక పాత రాతిగని లోని కార్ఖానాలో కొంతకాలం సాగించి, 1970లో ఆపివేశారు. తరువాత ఏడేళ్లకు, 1977లో, మద్రాసు నుండి బుల్లెట్లు ఇంగ్లండుకు ఎగుమతి కావడం మొదలయింది. తాము కనిపెట్టిన బండిని ఆంగ్లేయులు మన దగ్గర కొనుక్కోవలసి వచ్చింది. 1994లో ఐషర్ సంస్థ ఈ కంపెనీని తీసుకొని తిరిగి రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టింది. ఇల్లు వదిలి దూరదేశంలో స్థిరపడిన విద్య, ఇంట్లో నశించినా అక్కడ బ్రతుకుతుందని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు. ప్రవాసంలో భాషను, పండుగను నిలుపుకుంటున్న మనకు ఈ మాటను విప్పి చెప్పనవసరం లేదు.

అయితే పనిముట్లు రావడం ఒక్కటే చాలదని జావా కథ చెబుతుంది. చెకోస్లొవేకియా దేశపు ఈ బండిని మైసూరులోని ఐడియల్ జావా వారు 1961 నుండి తయారుచేశారు. 250 సి.సి. ఇంజను, కిక్కుకూ గేరుకూ ఒకే కడ్డీ దీని ప్రత్యేకతలు. 1970 దశకంలో యెజ్డీ అనే పేరుతో ఊరూరా తిరిగింది. కాని 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు కొత్త బండ్ల మీద తిరిగి కనిపించినా, అవి కొత్త ఇంజన్లు. వాటి భాగాలు పాతవాటికి సరిపోవు. కనుక పాత జావా ఉన్నవారు ఒకరికొకరు తోడై, ఒకరి దగ్గర చెడిన బండిలోని మంచి భాగాన్ని మరొకరు తీసుకుంటూ నెట్టుకొస్తున్నారు. పోలెండు నమూనా మీద తయారైన పాత రాజ్‌దూత్ విషయమూ ఇంచుమించు ఇంతే.

ఇక నాందేడుకు వద్దాం. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. తరువాత బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960 మే 1న మహారాష్ట్రలో భాగమయింది. దేగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు తెలుగు పలుకు ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. ముంబైకి వెళ్లే దూరంలో సగానికే హైదరాబాదు చేరవచ్చు. పందొమ్మిదవ శతాబ్దం చివర వేసిన గోదావరి లోయ రైలుమార్గం నాందేడును ముద్‌ఖేడ్, ధర్మాబాదు, బాసర, నిజామాబాదుల మీదుగా సికింద్రాబాదుకు కట్టివేసింది. రాష్ట్రం మారినా రైలు మారలేదు. 2003లో నాందేడు డివిజను ఏర్పడినప్పుడు కూడా అది సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేలోనే ఉన్నది. అందుచేత బండి సామాను కావలసినవాడు మొదట సికింద్రాబాదు రాణీగంజ్ వైపు, హైదరాబాదు పుత్లీబౌలి వైపు చూడడం సహజమే.

ఆ నగరానికి మోటారు విద్య కొత్త కాదు. నిజాం రైల్వేవారు 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. అవి స్కాట్లండులోని ఆల్బియన్ కంపెనీ బస్సుల కాలం. 1943లో సికింద్రాబాదులో యంత్ర పరికరాల కోసం ప్రాగా టూల్స్ వెలసింది. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. పాత బుల్లెట్టు గేరుపెట్టె మీద కూడా ఆల్బియన్ అనే పేరు ఉంటుంది. అది బర్మింగ్‌హామ్‌లోని వేరొక కంపెనీ. పేరు చూసి బస్సు సామాను దగ్గర వెతకరాదు.

వెతికేవారు ముందు తమ బండి ఏ సంవత్సరానిదో తేల్చుకోవాలి. ఇంజను మీద, చట్రం మీద చెక్కిన అంకెలు, పాత రిజిస్ట్రేషను పుస్తకం ఇందుకు ఆధారం. ఆ తరువాత బోల్టుల సంగతి. పాత ఆంగ్లేయ బండ్లలో మరలు అంగుళాల లెక్కలో ఉంటాయి, జావాలో మీటరు లెక్కలో. విట్‌వర్త్ పద్ధతి మరకు కోణం 55 డిగ్రీలు, మీటరు పద్ధతికి 60 డిగ్రీలు. రెండూ పైకి ఒకటిగానే కనిపిస్తాయి. సరిపోని బోల్టును బలవంతంగా బిగిస్తే అది ఎక్కుతుంది గాని, అల్యూమినియం కేసులోని మర నాశనమవుతుంది. పది రూపాయల బోల్టు కోసం మళ్లీ దొరకని కేసును పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

బుల్లెట్టు సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 90 మిల్లీమీటర్లు, వెరసి 346 సి.సి. అరిగిన సిలిండరును లేతు మీద బోరు చేయించి, కొంచెం పెద్ద పిస్టను వేయిస్తారు. ఈ పని ఎన్నిసార్లైనా చేయడానికి వీలులేదు. కాబట్టి పిస్టను ముందుగా కొని, దాని కొలతకు బోరు చేయించాలే గాని, బోరు చేయించి పిస్టను కోసం వెతకరాదు. పాత బుల్లెట్లలో కనెక్టింగు రాడ్డు పెద్ద కన్నులో తేలియాడే బుష్షు ఉండేది, తరువాతి కాలంలో రోలరు బేరింగు వచ్చింది. ఏది ఉన్నదో విప్పి చూడకుండా సామానుకు ఆర్డరు పంపితే డబ్బు, కాలం రెండూ వృథా. పిస్టను, రింగులు, కేబుళ్లు, చెయిను సులభంగా దొరుకుతాయి. దొరకనివి అసలు పెట్రోలు ట్యాంకు, మొదటి స్పీడోమీటరు, హెడ్‌లైటు గూడు, దాని రెండు వైపుల పులికళ్లలాగా ఉండే చిన్న దీపాలు. ఇవి భంగారు బండిలోనే కంటపడతాయి.

ఈ పాత భాగాలకు ఇప్పుడు చట్టం దృష్టిలోనూ విలువ వచ్చింది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు వింటేజ్ తరగతిని కల్పించింది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, మరల నమోదుకు 5,000 రూపాయలు రుసుము. నమోదు పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలుకు వెళ్లవచ్చును గాని రోజువారీ పనులకు నడపరాదు. అన్నిటికంటె ముఖ్యమైన షరతు, బండి తన మొదటి రూపంలో ఉండాలి. చట్రం, ఇంజను, బాడీ పెద్దగా మార్చినవాటికి ఈ గౌరవం దక్కదు. అందం కోసం అసలు భాగాలను తీసి కొత్తవి తగిలించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

భాగాల కన్న త్వరగా తరిగిపోతున్నది పనితనం. మన ఊళ్లలో మెకానిక్కును ఉస్తాద్ అని పిలవడం నిజాం కాలం నుండి వచ్చిన అలవాటు. తెలుగు ఇంటి బండి ఉర్దూ మాట్లాడే ఉస్తాద్ చేతికి వెళ్లి, మరాఠీ భంగారు దుకాణం నుండి భాగం తెచ్చుకొని, మద్రాసు ముద్ర గల పిస్టనుతో నడవడం నాందేడులో వింత కాదు. శబ్దం విని ఏ వాల్వు వదులైనదో చెప్పగల ఉస్తాద్‌లు వృద్ధులవుతున్నారు. వారి తెలివి ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. రెడ్డిచ్ మూతపడినా బుల్లెట్టు బ్రతికిందంటే, అంతకు ముందే ఆ పని మరొకరి చేతికి వచ్చినందువల్ల. ఉస్తాద్ చేతిలోని పని మరొకరికి రాకపోతే, ఎన్ని భాగాలు దొరికినా బండి కదలదు.

ఉగాదికి ముందు ఇల్లు దులిపి, అక్కరలేని సామాను బయట పడవేయడం మన ఆచారం. ఈసారి ఆ పని చేసేటప్పుడు పాత బండి తాలూకు పెట్టెను వేరుగా ఉంచండి. అరిగిన గేరు చక్రమైనా సరే, కొత్తది చేయడానికి లేతువానికి అదే కొలత. రిజిస్ట్రేషను పుస్తకం, పాత బిల్లులు ఉంటే దాచండి. ఇంట్లో కుర్రవాడు ఉంటే, ఒక ఆదివారం ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టి, ఆయన చెప్పినది తెలుగులో ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. ఆ పుస్తకం మరొక ఇంటి బండికి కూడా పనికివస్తుంది.