మిలటరీ మాధవరంలో మా పెద్దన్నయ్య

ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యరా, పొగంతా నా మొహానికే వస్తోంది. ఏమన్నావు? గోడ మీద టోపీ పెట్టుకున్న ఫొటో ఎవరిదనా? మీ పెదతాతది. మా పెద్దన్నయ్య.

తాడేపల్లిగూడెం వైపు ఎవర్నడిగినా మన ఊరిని మిలటరీ మాధవరం అనే అంటారు. తెల్లవాళ్ళ కాలంలో రెండు ప్రపంచ యుద్ధాలకీ ఇక్కణ్ణించి మగాళ్ళు వెళ్ళారు. మీసం మొలిస్తే పట్టాళానికి పోవడమే. అన్నయ్యా పోయాడు. బెంగళూరులో మద్రాస్ సాపర్లలో చేరాడు. వాళ్ళకి తుపాకీ ఒక్కటే కాదర్రా. సైన్యం ఏరు దాటాలంటే వంతెన వేసేది వాళ్ళే, దారిలో పాతిన మందుపాతరలు తీసేదీ వాళ్ళే.

నెలనెలా మనియార్డరు వచ్చేది. వదిన వేలిముద్ర వేసేది. అన్నయ్యకది నచ్చలేదు. ఓసారి సెలవుకొచ్చినప్పుడు పలకా బలపం కొనుక్కొచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక లాంతరు దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవాడు. సెలవంతా అదే పని. మా అమ్మ మూతి తిప్పుకునేది. అంతకుముందు ఆయన ఉత్తరాలు నేనే చదివిపెట్టేవాణ్ణి, ఉత్తరానికో బెల్లం ముక్క చేతిలో పెట్టేది వదిన. ఆవిడకి చదువొచ్చింది, నా బెల్లం పోయింది.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధమొచ్చింది. ఉత్తరాల మీద 56 ఏపీఓ, 99 ఏపీఓ అని ఏదో అంకె తప్ప, మనిషి ఎక్కడున్నాడో తెలిసేది కాదు. ఊరంతా పంచాయతీ రేడియో దగ్గరే. 16న ఢాకాలో వాళ్ళ జనరల్ నియాజీ మన జనరల్ అరోరా ముందు లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాడు, 93 వేల మంది దాకా మనకి చిక్కారన్నారు. అరుగుల మీద ఒకటే కేకలు. వదిన మాత్రం చేటలో బియ్యం చెరుగుతూనే ఉంది, తలెత్తలేదు. ఉత్తరం వచ్చిన రోజున గానీ ఆవిడకి యుద్ధం అయిపోలేదు. అందులో యుద్ధం ఊసే లేదు. ఇక్కడా మనలాగే కాలవలూ వరిచేలూనని రాశాడు. కుప్ప నూర్పిళ్ళయ్యాయా, పిల్లదానికి దగ్గు తగ్గిందా అని అడిగాడు. అంతే. తర్వాతయినా నోరు విప్పాడా అంటే, లేదు. రమ్ము పోసి అడిగినవాళ్ళున్నారు. రమ్ము తాగి నిద్రపోయేవాడు.

పింఛనుతో ఇంటికొచ్చాక మాత్రం వదినని పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండనివ్వలేదు. ఇన్నేళ్ళు ఇంటిని నువ్వు కాశావు, ఇహ డ్యూటీ నాది అనేవాడు. పెరటి కాలవ మీద తాటిబద్దలతో ఆవిడ కోసం వంతెన వేశాడు. దాని మీద గేదెలు కూడా నడిచేవి.

ఆఖర్న వదినకి కీళ్ళు పట్టేసి చేతులు పైకి లేచేవి కావు. జడ ఆయనే వేసేవాడు. వీధి అరుగు మీద, అందరూ చూస్తుండగానే. కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి, మూడు పాయలూ లాగి బిగించేవాడు, పడవకి మోకు కట్టినట్టు. వదినకి కళ్ళు పైకి లాక్కుపోయేవి.

"నన్ను పేరంటానికి పంపుతున్నారా, పెరేడ్‌కా?" అనేది.

"కదలకు" అనేవాడాయన.