పేరు చెప్పని పేటెంట్లు

2007 మే నెలలో మైక్రోసాఫ్ట్ న్యాయవిభాగం పెద్దలు అమెరికా పత్రిక ‘ఫార్చ్యూన్’కు ఒక లెక్క చెప్పారు. లైనక్స్, దాంతోపాటు వాడుకలో ఉన్న ఇతర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కలిసి తమ పేటెంట్లు 235 ఉల్లంఘిస్తున్నాయని, అందులో లైనక్స్‌కు గుండెకాయైన కెర్నల్ ఒక్కదాని వాటాయే 42 అని. ఆ 235 ఏవో, కెర్నల్‌లో ఏ భాగం దేనికి అడ్డు వస్తోందో మాత్రం చెప్పలేదు. ఆరు నెలలు తిరక్కుండానే, అదే కెర్నల్ మీద కట్టిన ఆండ్రాయిడ్‌ను గూగుల్, దాని భాగస్వాములు ప్రకటించారు. ఆ తర్వాత ఫోన్ల పరిశ్రమలో నడిచిన పేటెంట్ తగాదాలు అనగానే చాలామందికి ఆపిల్-శాంసంగ్ కేసు, 2012లో జ్యూరీ ఇచ్చిన వంద కోట్ల డాలర్ల పైచిలుకు తీర్పు గుర్తొస్తాయి. ఆ పోరు బాహాటంగా సాగింది, ఎవరి వాదనేమిటో కోర్టు రికార్డుల్లో ఉంది. కోర్టు గడప తొక్కకుండానే మూసిన తలుపుల వెనక కుదిరిన లైసెన్సుల చరిత్ర అంతకన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. ఏ పేటెంటో చెప్పకుండా రాయల్టీ అడిగే పద్ధతి ఓపెన్ సోర్స్‌కు చేసిన చెరుపు, పేటెంట్లన్నీ కలిసి చేసినదానికంటే ఎక్కువ.

పేటెంటు పేరు చెప్పినప్పుడు ఏం జరుగుతుందో టామ్‌టామ్ కేసు చూపించింది. కార్లలో దారి చూపే పరికరాలు తయారుచేసే ఈ నెదర్లాండ్స్ కంపెనీ మీద మైక్రోసాఫ్ట్ 2009 ఫిబ్రవరిలో 8 పేటెంట్లతో దావా వేసింది. వాటిలో మూడు లైనక్స్‌ను తాకేవి; అందులోనూ అసలు పేచీ ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో పొడుగు పేర్లు దాచే పద్ధతి మీద. విండోస్‌కు ముందున్న డాస్ రోజుల్లో ఫైలు పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత మరో 3, అంతే. ఒక్కో ఫైలుకు డైరెక్టరీలో 32 బైట్ల గడి ఒకటి ఉండేది. విండోస్ 95 నాటికి పొడుగు పేర్లు కావలసి వచ్చాయి, పాత ప్రోగ్రాములూ చెడకూడదు. అందుకని అసలు గడికి ముందు అదనపు గడులు చేర్చి, ఒక్కోదానిలో 13 అక్షరాల చొప్పున పేరును ముక్కలుగా దాచారు. వాటి మీద రీడ్ ఓన్లీ, హిడెన్, సిస్టమ్, వాల్యూమ్ లేబుల్ అనే నాలుగు గుర్తులూ ఒకేసారి వేశారు. మామూలు ఫైలుకు అన్నీ కలిసి ఉండవు కాబట్టి పాత డాస్ ఆ గడుల్ని పట్టించుకోకుండా దాటిపోతుంది. అసలు గడిలో ఆరక్షరాలు, ఒక టిల్డె, ఒక అంకెతో పొట్టి పేరు మిగులుతుంది. తెలివైన ఉపాయమే. కానీ దానికి అంత ధర పలికింది తెలివిని బట్టి కాదు. కెమెరాలో, ఫోన్‌లో పెట్టే మెమరీ కార్డును విండోస్ కంప్యూటర్ చదవాలంటే మరో దారి లేక పరికరాలు చేసేవాళ్లంతా దాన్నే వాడవలసి వచ్చింది.

టామ్‌టామ్ నెల గడిచేసరికి రాజీపడి డబ్బు కట్టింది, రెండేళ్లలో ఆ ఫ్యాట్ భాగాన్ని తీసేస్తానని ఒప్పుకుంది. ఇటు సాంబా సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ ఆండ్రూ ట్రిడ్జెల్ అదే ఏడాది లైనక్స్ కోసం ఒక ప్యాచ్ రాసి అందరి ముందూ పెట్టారు. పేటెంటు కోరింది ఒకే ఫైలుకు పొడుగు పేరూ పొట్టి పేరూ రెండూ ఉంచే పద్ధతి మీద హక్కు. ఆయన కోడ్ పొడుగు పేరు రాసినప్పుడు పొట్టి పేరు గడిలో చెల్లని అక్షరాలు నింపేస్తుంది. అన్ని పరికరాలతోనూ అది సాఫీగా పనిచేస్తుందన్న భరోసా లేదు. అయినా కేసు పడిన కొద్ది నెలలకే ఒక మార్గం కనబడిందంటే పేటెంటు నంబరు బయట ఉండటమే కారణం. లోపమేమిటో తెలిస్తే ఎవరో ఒకరు కూర్చుని సరిచేస్తారు; ఓపెన్ సోర్స్ బలమంతా అక్కడే ఉంది.

ఆండ్రాయిడ్ విషయంలో ఆ అవకాశం దక్కలేదు. 2010 మార్చిలో ఆండ్రాయిడ్ ఫోన్లు చేసే హెచ్‌టీసీ మీద ఆపిల్ దావా వేసింది. ఏప్రిల్‌లో హెచ్‌టీసీ తన ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం మైక్రోసాఫ్ట్‌తో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. 2011 సెప్టెంబరులో శాంసంగ్, 2012 జనవరిలో ఎల్‌జీ అదే దారి పట్టాయి. నూక్ అనే పుస్తక పరికరం అమ్మే బార్న్స్ అండ్ నోబుల్ మాత్రం ఎదురు తిరిగింది. పేటెంట్లు ప్రభుత్వం అచ్చువేసే బహిరంగ పత్రాలు కదా, వాటి వివరం చూపడానికి కూడా గోప్యత ఒప్పందం మీద సంతకం చేయమనడమేమిటని అడిగింది. విండోస్ ఫోన్ 7 మొత్తానికి అడిగే దానికంటే ఎక్కువ రాయల్టీ అడుగుతున్నారని కోర్టులో ఆరోపించింది. 2011 మార్చిలో దాని మీద మైక్రోసాఫ్ట్ దావా వేశాక ఆ పేటెంట్లేమిటో లోకానికి తెలిసింది: పేజీ తెరుచుకుంటున్నట్టు సూచించే గుర్తు, ట్యాబులు, ఎంచుకున్న పాఠ్యానికి అటూ ఇటూ కనబడే పిడులు, ఇలాంటివి. 2012 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ నూక్ వ్యాపారంలో 30 కోట్ల డాలర్లు పెట్టడంతో ఆ పోరు ముగిసింది, ఆ పేటెంట్ల విలువ మీద తీర్పంటూ రాలేదు. మోటరోలా ఫోన్ల మీద మైక్రోసాఫ్ట్ వేసిన కేసు చివరిదాకా నడిచింది. 9 పేటెంట్లతో మొదలైన ఆ ఫిర్యాదులో 2012 మేలో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ముందు నిలబడింది ఒక్కటే, సమావేశాల వేళలు కుదిర్చే పద్ధతి మీదిది.

పేటెంటు ఆస్తి, ఆస్తికి అద్దె అడగడంలో తప్పేముందని కొందరంటారు. తప్పు లేదు, మోటరోలా కేసులో నిలిచిన ఆ ఒక్క పేటెంటుకు లైసెన్సు అడగడం న్యాయమే. అయితే పొలం తనదని వచ్చినవాడు సర్వే నంబరు చెప్పాలి, హద్దులు చూపాలి. అవి గోప్యమంటూ పంటలో వాటా అడిగితే ఏ ఊరూ ఒప్పుకోదు. శాంసంగ్ లాంటి సంస్థ లాయర్లు లేక సంతకం చేసిందా అన్నది ఇంకో ప్రశ్న. ఆ లాయర్లకు గోప్యంగా చూపినవి కోడ్ రాసే వాళ్లకు కనబడలేదు. పైగా లైనక్స్ విడుదలయ్యే జీపీఎల్ లైసెన్సు రెండో వెర్షన్ ఏడో నిబంధన ప్రకారం, పేటెంట్ లైసెన్సు వల్ల ఆ కోడ్ అందుకున్నవాళ్లంతా రాయల్టీ లేకుండా పంచుకునే వీలు పోతే దాన్ని పంపిణీ చేయనేకూడదు. ఫలానా కెర్నల్ పేటెంటుకు డబ్బు కడుతున్నామని బయటికి చెప్పడం ఫోన్ కంపెనీకీ ఇబ్బందే. మౌనం ఇద్దరికీ కలిసొచ్చింది, నష్టం ఆ గదిలో లేనివాళ్లకు జరిగింది. గూగుల్ ప్రకటనల ఆదాయం చూసుకుని ఆండ్రాయిడ్‌ను ఊరికే పంచిపెట్టిందన్న ఆక్షేపణలో నిజముంది గానీ, అది గూగుల్ మీద దావా వేయడానికి కారణం కావాలి, పేర్లు దాచడానికి కాదు. మన పార్లమెంటు ఈ చిక్కును ముందే కొంత చూసింది: సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు తలుపు తెరవబోయిన 2004 డిసెంబరు ఆర్డినెన్సులోని ఆ మార్పును 2005 చట్టంలోకి రానివ్వలేదు, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అయినదానికి పేటెంట్ లేదన్న సెక్షన్ 3(కె) అలాగే నిలిచింది.

చివరికి జాబితా బయటపెట్టింది చైనా. 2014లో మైక్రోసాఫ్ట్ చేస్తున్న నోకియా ఫోన్ల విభాగం కొనుగోలును పరిశీలించిన ఆ దేశ వాణిజ్య శాఖ, ఆండ్రాయిడ్‌కు సంబంధించినవని మైక్రోసాఫ్ట్ చూపిన 300కు పైగా పేటెంట్లు, దరఖాస్తుల పట్టికను చైనీస్‌లో తన వెబ్‌సైట్‌లో పెట్టింది. అదే ఏడాది శాంసంగ్ మీద మైక్రోసాఫ్ట్ వేసిన దావా పత్రాల్లో ఆ కంపెనీ ఒక్క ఏడాదికి కట్టిన రాయల్టీ వంద కోట్ల డాలర్లు దాటిందని తేలింది. హైదరాబాద్‌లో పుట్టిపెరిగిన సత్య నాదెళ్ల ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన కొద్ది నెలలకు పడిన దావా అది. ఆయన హయాంలోనే 2018 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తన 60,000 పేటెంట్లతో, లైనక్స్ మీద పేటెంట్లు ప్రయోగించబోమని సభ్యులు ఒకరికొకరు మాటిచ్చుకునే ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌లో చేరింది. మరుసటి ఆగస్టులో, ఫ్యాట్‌కు వారసురాలైన ఎక్స్‌ఫ్యాట్ సాంకేతిక వివరాలను ప్రచురించి, లైనక్స్‌లో దాన్ని చేర్చుకోమంది. నవంబరులో విడుదలైన లైనక్స్ 5.4లో ఆ కోడ్ ఉంది.