రాగిరేకు – ధ్వనిముద్రణము

పాటలోని పదమునకు మాతువనియు, వరుసకు ధాతువనియు మన పూర్వులు పేరిడిరి. రెండింటిని తానే కల్పించువాడు వాగ్గేయకారుడు. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) అట్టివాడు. ఆయన సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. దాదాపు 12,000 నేటికి దక్కినవి. రేకులపై రాగము పేరు గలదు గాని స్వరము లేదు. మాతువు నిలిచినది, ధాతువు పోయినది.

ఆ తిరుపతికి పోవు రైలుమార్గము చెన్నపట్టణపు మార్గమునుండి చీలునది మా గూడూరు కూడలిలోనే. ఈ యూరిలో నేను పాటలు వ్రాసి, వరుసలు గట్టి, వాద్యములు నేనే వాయించి, రైళ్ల రొద తగ్గిన వేళ కంప్యూటరుపై ముద్రించుకొనుచున్నాను. నా బాణి ప్రోగ్రెసివ్ రాక్. దాని పుట్టుక ముద్రణచరిత్రతో ముడివడియున్నది.

1902లో కలకత్తాలో గ్రామఫోను ముద్రణలు మొదలైన పిదప మన గాయకులు పాటను కుదింపవలసివచ్చెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు 10 అంగుళముల రికార్డులో ఒకవైపు పట్టునది సుమారు 3 నిమిషములే. 1948లో అమెరికాలో కొలంబియావారు వెలువరించిన లాంగ్‌ప్లే రికార్డులో ఒకవైపు 20 నిమిషములకు పైగా పట్టెను. 1972లో ఇంగ్లండునందలి యెస్ బృందమువారు ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అను ఒక్క పాటతో ఒకవైపంతయు నింపిరి. 1973లో ఇరువదేండ్ల మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ‘ట్యూబ్యులర్ బెల్స్’లో పెక్కు వాద్యములను తానే వాయించి, ఒకదానిపై నొకటి చేర్చి వినిపించెను.

రాగము తానము పల్లవి వినిన మన చెవికి ఈ దీర్ఘత గాని, నడకలు మారుట గాని క్రొత్త కాదు. క్రొత్తది నాదము. గిటారు గరుకుదనము స్వరలిపికి లొంగదు. కావున ఇందు ముద్రణమే కృతి.

శ్రోతలారా, నా చింత ఇచ్చటనే. ధాతువు పోయినందుననే గదా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగువారు అన్నమయ్య పదములకు క్రొత్త వరుసలు గట్టిరి! ఆ పదములు మరల జనుల నోట నిలిచినవి. నా ముద్రణలో నా ఊపిరితో సహా సర్వము నిలుచును. అంతయు నిలిచినచోట రేపటి గాయకునకు తావేది?

అందుచేత ప్రతి ముద్రణతోబాటు ఒక కాగితముపై సాహిత్యమును, రాగతాళముల పేర్లను వ్రాసి యుంచుచున్నాను, స్వరము వ్రాయను. వినగోరువారు ముద్రణను విందురు. పాడగోరువారు ఆ కాగితమును తీసికొని తమ వరుస తాము గట్టుకొందురు గాక.