కొబ్బరికాయా? నాలుగు రాడ్లా? మన బోరు వెనక ఓమ్ కథ

ఈ ఎపిసోడ్‌ని మా నాచారం అపార్ట్‌మెంట్ బోరుతో మొదలుపెడతాను.

పోయిన ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. కొత్తది వేద్దామని మీటింగ్ పెట్టారు. సగం మంది అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయన్ని పిలుద్దామన్నారు. మిగతా సగం, ఇనుప రాడ్లు, మీటరు తెచ్చే రెసిస్టివిటీ సర్వే ఆయన్ని పిలుద్దామన్నారు. ఫస్ట్ ఫ్లోర్ అంకుల్ నావైపు తిరిగి, "నువ్వు బీటెక్ కదా బాబూ, ఆ మీటరుకు నీళ్లెట్ల తెలుస్తయ్?" అన్నారు. నా నోట మాట రాలేదు. వోల్టేజీని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్ అని పరీక్షలో ఎన్నిసార్లు రాశానో! ఆ భాగాహారానికీ మా బోరుకీ సంబంధం ఏంటో మాత్రం తెలీదు. వెతికితే దాదాపు 200 ఏళ్ల కథ బయటపడింది.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసేవాడు. కొలోన్‌లో టీచర్‌గా ఉన్నప్పుడు, వైర్ పొడవు మారిస్తే కరెంట్ ఎంత మారుతుందో కొలవడం మొదలుపెట్టాడు. అప్పటి బ్యాటరీలతో పెద్ద తలనొప్పి ఏంటంటే, కొలుస్తుండగానే వాటి బలం పడిపోయేది. అందుకని వాటిని పక్కనపెట్టి, రెండు వేర్వేరు లోహాలను జోడించాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, ఇంకొకటి కరిగే మంచులో. వేడిలో తేడా మారదు కాబట్టి వోల్టేజీ కూడా నిలకడగా ఉంటుంది. కరెంట్ ఎంతో అయస్కాంత సూది చెప్పేది. 1827లో పుస్తకం వేశాడు. సొంత దేశంలో పెద్దగా ఎవరూ మెచ్చుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ మెడల్ ఇచ్చింది. అదే 1841లో ఇంగ్లండ్‌లో జేమ్స్ జూల్ ఇంకో లెక్క చెప్పాడు: కరెంట్ రెట్టింపైతే వైర్‌లో పుట్టే వేడి నాలుగింతలవుతుంది.

ఇద్దరి లెక్కలూ మీ ఇంటి గీజర్‌లో ఉన్నాయి. 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతోంది అనుకోండి. భాగిస్తే రెసిస్టెన్స్ సుమారు 26.4 ఓమ్‌లు. గుణిస్తే పవర్ సుమారు 2000 వాట్లు. రెండే కొలతలు, రెండు జవాబులు.

సరే, గీజర్‌లో ఉన్నది వైరు. మరి భూమి సంగతేంటి? ఫ్రాన్స్‌లో కాన్రాడ్ ష్లుంబర్జర్ 1912లో నేలలోకి కరెంట్ పంపి, లోపల ఏముందో తెలుసుకునే ప్రయోగాలు చేశాడు. 1915లో అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ నాలుగు రాడ్ల పద్ధతి రాశాడు. నాలుగూ ఒకే వరసలో, సమాన దూరంలో పాతుతారు. బయటి రెండింటితో కరెంట్ పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. రెండు రాడ్లు చాలవా అంటే, చాలవు. ఎండిన మట్టికీ రాడ్‌కీ మధ్య ఉండే రెసిస్టెన్సే చాలా ఎక్కువ, అదే లెక్కను పాడుచేస్తుంది. లోపలి రాడ్లలో దాదాపు కరెంటే పారదు కాబట్టి ఆ బాధ ఉండదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. రాడ్ల మధ్య 10 మీటర్లు, కరెంట్ 100 మిల్లీఆంపియర్లు, వోల్టేజీ 80 మిల్లీవోల్టులు. భాగిస్తే 0.8 ఓమ్. దాన్ని రెండు పైలతో, 10 మీటర్లతో గుణిస్తే సుమారు 50 ఓమ్-మీటర్లు. ఇదే రెసిస్టివిటీ. రాడ్లను 40 మీటర్ల దూరానికి జరిపితే కరెంట్ ఇంకా లోతుకి దిగుతుంది. అప్పుడు 160 మిల్లీవోల్టులు వస్తే లెక్క సుమారు 400కి చేరుతుంది. అంటే కింద పగుళ్లు తక్కువ, గట్టి రాయి మొదలవుతోందని అనుమానించాలి.

ఈ పని బాగా తెలిసినవాళ్లు మనకు పక్కనే ఉన్నారు. ఉప్పల్ రోడ్డులో, హబ్సిగూడ దగ్గర ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1961 నుంచి ఉంది. 1999లో అక్కడే ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి భూగర్భజల పరిశోధన కేంద్రం మొదలైంది. హైదరాబాద్‌కి దక్షిణాన మహేశ్వరం దగ్గర వాళ్లు చేసిన అధ్యయనాల్లో తేలిందేంటంటే, మన గ్రానైట్ నేలలో నీళ్లు ఎక్కువగా పైనున్న మొరంలో, దాని కిందున్న పగుళ్ల రాయిలో ఉంటాయి. ఒక లోతు దాటాక నీళ్లిచ్చే పగుళ్లు బాగా తగ్గిపోతాయి.

అది చదివాక నాకు కడుపు మండింది. ఎందుకంటే అంతకు ముందు బోరు మావాళ్లు 1100 అడుగులు వేయించారు. అడుగుకి ఇంత అని డబ్బు కట్టారు. వచ్చింది దుమ్మే. ఆ మీటరు నీళ్లెక్కడో చెప్పడమే కాదు, ఎక్కడ ఆపాలో కూడా చెబుతుంది. దాన్నే మనం అడగం.

మీటరు దేవుడేం కాదు. బంకమట్టి ఉన్నా, ఉప్పునీళ్లున్నా అంకె తగ్గుతుంది. మాది ఫ్యాక్టరీల ఏరియా, నేలలో పైపులు, కేబుళ్లు ఉంటే అవీ తప్పుదోవ పట్టిస్తాయి. వెనక ఖాళీ ప్లాట్‌లో కొలిచి, సర్వే ఆయన చెప్పిన చోట 300 అడుగుల దగ్గర ఆపించాం. రిగ్ ఆయన "ఇంకో 200 పోదాం సార్" అన్నాడు. ఈసారి అంకులే వద్దన్నారు. నీళ్లు పడ్డాయి, కానీ అందరికీ సరిపోవు. ఇప్పటికీ రెండ్రోజులకోసారి ట్యాంకర్ వస్తుంది. అందుకే పక్కనే ఇంకుడు గుంత తవ్వించాం.

లోతుకి కరెంట్ బిల్లు కూడా ఉంది. సెకనుకి 1 లీటరు నీళ్లను 100 మీటర్లు ఎత్తాలంటే నష్టాలు లేకుండానే సుమారు 980 వాట్లు కావాలి. 200 మీటర్లైతే రెట్టింపు.

మీ బోరు ఎన్ని అడుగులు? నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర పడ్డాయి? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతుంటే మీ డబ్బు అంత భూమిలోకి పోయినట్టే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!