ఏ.ఓ. స్మిత్ ఆటోమేటిక్ ఫ్రేమ్ ప్లాంటు
కారు ఛాసిస్ ఫ్రేముల కోసమే ప్రత్యేకంగా రూపొందించిన తొలితరం ఆటోమేటిక్ కర్మాగారం. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఏ.ఓ. స్మిత్ కంపెనీ దీన్ని 1921లో ప్రారంభించింది. ఉక్కు పట్టీ లోపలికి రాగానే యంత్రమే దాన్ని సాపుచేసి కొలత చూసేది. తేడా ఉంటే పక్కకు తోసేది. ప్రెస్సులు దాన్ని వంచి, రంధ్రాలు పొడిచేవి. చూడముచ్చటైన ఘట్టం మాత్రం రివెటింగే: వరుసగా నిలిచిన యంత్రాల దవడలు ఒక్కసారిగా ఫ్రేము మీదికి కదిలి, రివెట్లను నొక్కి, వెనక్కి జరిగేవి. సుమారు 8 సెకన్లకొకటి చొప్పున రోజుకు దాదాపు 10,000 ఫ్రేములు బయటికొచ్చేవి. అదీ కంప్యూటర్లు, రోబోలు లేని రోజుల్లో! ఒకే వస్తువుకు అంకితమైన యంత్రాలకు మోడల్ మారినప్పుడల్లా తిప్పలే. అయినా ఈ ప్లాంటు 1958 దాకా నడిచింది.