ఈఎస్‌పీ8266: సీరియల్ అనుసంధానంలో లోపాలు

షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సిస్టమ్స్ తయారుచేసిన చవకైన వైఫై మైక్రోకంట్రోలర్ ఈఎస్‌పీ8266. ఇది పుట్టిన ఏడాదిని కొందరు 2013 అనీ, కొందరు 2014 అనీ రాస్తారు. రీసెట్ అయిన ప్రతిసారీ చిప్ పంపే తొలి పంక్తిలో 2013 జనవరి 8 అనే తేదీ ఉంటుంది. అయితే దాన్ని బూట్ రోమ్‌లోని ప్రోగ్రాము తయారైన తేదీగానే చూడాలి. ఐ-థింకర్ సంస్థ ఈ చిప్‌తో చేసిన ఈఎస్‌పీ-01 అనే ఎనిమిది పిన్నుల మాడ్యూల్ చైనా బయటి ఔత్సాహికుల కంటపడింది 2014 ఆగస్టు ప్రాంతంలో. ఔత్సాహికుల చరిత్రకు 2014నే లెక్కలోకి తీసుకోవడం సబబు.

కంప్యూటరుకూ ఈ మాడ్యూల్‌కూ మాటలు నడిచేది సీరియల్ తీగల మీదే. ఒకదాని నోరు మరొకదాని చెవికి కలవాలి: యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ టీఎక్స్ (పంపే పిన్) మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్‌కు), మాడ్యూల్ టీఎక్స్ అడాప్టర్ ఆర్‌ఎక్స్‌కు, రెండింటి గ్రౌండ్ ఒకటిగా. ఆర్డుయినో ఊనోనే అడాప్టరుగా వాడేవారు ఇక్కడే తికమకపడతారు. ఊనో మీది టీఎక్స్, ఆర్‌ఎక్స్ పేర్లు దాని సొంత మైక్రోకంట్రోలర్ వైపు నుంచి పెట్టినవి. దాన్ని రీసెట్‌లో ఉంచి పక్కకు తప్పించినప్పుడు తీగలు అడ్డంగా కాక నేరుగా, టీఎక్స్‌కు టీఎక్స్‌గా కలపాలి.

తీగలన్నీ సరిగ్గానే ఉన్నా మాడ్యూల్ మొండికేస్తే ముందు అనుమానించాల్సింది విద్యుత్తును. చాలా మార్గదర్శకాలు బాడ్ రేటుతో (సీరియల్ వేగంతో) మొదలుపెడతాయి గానీ, విద్యుత్తుతో మొదలుపెడితేనే సమయం కలిసివస్తుంది. చిప్‌కు 3.3 వోల్టులు కావాలి. వైఫై ప్రసారం చేసేటప్పుడు అది సుమారు 170 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందని డేటాషీట్ చెబుతుంది. క్షణికంగా అంతకు మించి లాగుతుంది కాబట్టి 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సరఫరా మంచిదంటారు. ఎఫ్‌టీ232ఆర్ అడాప్టర్ చిప్ లోపలి 3.3 వోల్టుల రెగ్యులేటర్ ఇవ్వగలిగేది 50 మిల్లీఆంపియర్లు మాత్రమే. ఊనోలోని 3.3 వోల్టుల పిన్‌కూ అధికారిక పరిమితి 50. అందుకే ఈ లోపం మోసపూరితంగా కనిపిస్తుంది: ‘ఏటీ’ అనే పరీక్ష ఆదేశం పంపితే ‘ఓకే’ వస్తుంది, వైఫైకి కలవబోగానే మాడ్యూల్ రీసెట్ అయిపోతుంది. విడిగా ఒక రెగ్యులేటర్, మాడ్యూల్ పక్కనే కొన్ని వందల మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే చాలాసార్లు చిక్కు విడిపోతుంది.

అసలు ఉలుకూపలుకూ లేకపోతే సీహెచ్-పీడీ పిన్ చూడాలి. తొలి ఈఎస్‌పీ-01లో దాన్ని బయటి నుంచి 3.3 వోల్టులకు కలపకపోతే చిప్ మేలుకోదు.

తెరమీద పిచ్చి అక్షరాలు కనిపించడం మరో సంగతి. కొత్తవారు దాన్ని చిప్ చెడిపోయిన గుర్తుగా భావిస్తారు. నిజానికి మాడ్యూల్ బతికే ఉందనడానికి అది మంచి సాక్ష్యం. బూట్ రోమ్ 40 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉందనుకుని సెకనుకు 115200 బిట్ల వేగంతో మాట్లాడబోతుంది. బోర్డు మీద ఉండేది సాధారణంగా 26 మెగాహెర్ట్జ్ స్ఫటికం. 115200ను 26తో గుణించి 40తో భాగిస్తే వచ్చే 74880యే ఆ తొలి పంక్తుల అసలు వేగం. టెర్మినల్‌ను ఆ వేగానికి మారిస్తే పిచ్చిరాతలు చదవదగిన మాటలవుతాయి. వాటిలో రీసెట్ కారణం 4 అని ఉంటే, ప్రోగ్రాము స్తంభించినప్పుడు చిప్‌ను రీసెట్ చేసే వాచ్‌డాగ్ జోక్యం చేసుకుందని అర్థం. బూట్ మోడ్‌లో మొదటి అంకె 3 అయితే ఫ్లాష్ నుంచి, 1 అయితే ప్రోగ్రామ్ ఎక్కించుకునే స్థితిలో మొదలైందని తెలుస్తుంది.

ఆ తర్వాతి వేగం ఫర్మ్‌వేర్‌ను బట్టి ఉంటుంది. తొలి మాడ్యూళ్లకు 9600 అనీ, 57600 అనీ, 115200 అనీ మూడు లెక్కలు కనిపిస్తాయి. ముందుగా 115200 ప్రయత్నించడం మేలు. ప్రతి ఆదేశం చివర సీఆర్, ఎల్‌ఎఫ్ అనే పంక్తి ముగింపు అక్షరాలు రెండూ పంపాలన్నది మరవకూడదు. అవి లేకపోతే వేగం సరిపోయినా జవాబు రాదు.

ప్రోగ్రామ్ ఎక్కించాలంటే రీసెట్ అయ్యే క్షణంలో జీపీఐఓ0 పిన్ గ్రౌండ్‌కు కలిసి ఉండాలి. లేకపోతే 2014లో ఫ్రెడ్రిక్ ఆల్‌బెర్గ్ మొదలుపెట్టిన ఈఎస్‌పీటూల్ అనే అప్‌లోడ్ సాధనం, జవాబు కోసం చూసి చూసి చిప్‌తో అనుసంధానం కుదరలేదని చెప్పి ఆగిపోతుంది. ఇదే చిప్ ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డుల్లో సీరియల్ అడాప్టర్ డీటీఆర్, ఆర్‌టీఎస్ తీగలు రెండు ట్రాన్సిస్టర్ల ద్వారా ఈ పని వాటంతటవే చేస్తాయి.

5 వోల్టుల సంకేతాన్ని ఈ పిన్నులు తట్టుకుంటాయా అన్నదానిపై వాదం ఉంది. తట్టుకున్నాయని చెప్పే వాడుకరులు ఉన్నారు. డేటాషీట్ గరిష్ఠ సరఫరాను 3.6 వోల్టులుగా పేర్కొంటుంది కనుక 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో సంకేతాన్ని 3.3కు తగ్గించి పంపడమే క్షేమం.

లోపం కంప్యూటర్ వైపూ ఉండొచ్చు. ఛార్జింగుకే పనికొచ్చే యూఎస్‌బీ కేబుల్‌లో డేటా తీగలు ఉండవు. చాలా లినక్స్ రకాల్లో వాడుకరి డయలౌట్ గుంపులో లేకపోతే పోర్ట్ తెరుచుకోదు, ఉబుంటు 22.04లో బ్రెయిలీ తెరల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై సేవ సీహెచ్340 అడాప్టర్లను తనవనుకుని పట్టేసుకున్న సందర్భాలున్నాయి. అడాప్టర్ బాగుందో లేదో తేల్చడానికి దాని టీఎక్స్, ఆర్‌ఎక్స్ రెండింటినీ ఒక జంపర్‌తో కలిపి ఏదైనా టైపు చేస్తే చాలు. టైపు చేసింది తిరిగి రావాలి.

ఎస్ప్రెసిఫ్ నుంచే 2016లో వచ్చిన తర్వాతి చిప్ ఈఎస్‌పీ32 బోర్డుల్లో సాధారణంగా 40 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఉండటంతో బూట్ సందేశాలు నేరుగా 115200లోనే వస్తాయి. వాటిలో కొన్ని మాత్రం అప్‌లోడ్ వేళ బూట్ బటన్ నొక్కి పట్టుకుంటే గానీ లొంగవు. ఈఎన్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 1 నుంచి 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే చాలాసార్లు ఆ అవసరం తప్పుతుంది.